లకుముకి వచ్చింది, లకుముకి వెళ్ళింది

మా తాతయ్య రాసుకున్న పుస్తకంలో ఇప్పుడు మిగిలినవి నలభై ఒక్క కాగితాలు. అన్నీ పెన్సిల్‌తో రాసినవే. సిరాతో రాసినవి 1996 తుఫానులో కొట్టుకుపోయాయి. ఆ కాగితాల్ని అమ్మమ్మ పాత చీర ముక్కలో చుట్టి, నా పుస్తకాల బీరువాలోనే పై అరలో పెట్టుకున్నాను. ఈ పదేళ్ళుగా నేను కొనే పుస్తకాలు దాదాపు ఒకే రకం. కథలు కావు, నవలలు కావు. ఊళ్ళ చరిత్రలు, నదుల మీదా చెట్ల మీదా పిట్టల మీదా రాసినవి, ఎవరి బతుకు వాళ్ళు రాసుకున్నవి. కొత్త పుస్తకం ఏది తెరిచినా పది పేజీలు తిరక్కుండానే లేచి వెళ్ళి ఆ చీర మూట విప్పుతాను. అదొక అలవాటైపోయింది.

తాతయ్య అంటే మా అమ్మ వాళ్ళ నాన్న. కోనసీమలో, లొల్ల లాకులకు బాగా దిగువన, ఓ చిన్న లాకు దగ్గర లస్కరు. గేట్లు ఎత్తడం దించడం, గట్టు వెంట నడిచి చూడటం, ఎక్కడైనా పీత బొరియలోంచి నీరు కారుతుంటే అది గండి కాకముందే మట్టి కొట్టడం, తూముకి అడ్డం పడిన గుర్రపుడెక్క లాగిపారేయడం, ఇవీ పనులు. లాకు పక్కనే రెండు గదుల క్వార్టరు. అమ్మ పుట్టి పెరిగింది అందులోనే.

లాకంటే ఏమిటని చిన్నప్పుడు అడిగితే "నీళ్ళకి మెట్టమ్మా" అన్నాడు తాతయ్య. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. పై కాలవ ఎత్తులో ఉంటుంది, కింది కాలవ పల్లంలో. రెండింటికీ మధ్య రాతి గోడల గది. కింది నుంచి వచ్చిన పడవ ఆ గదిలోకి చేరగానే వెనక తలుపులు మూసేస్తారు. ముందు తలుపుల అడుగున చిన్న తూములు ఎత్తితే పై నీళ్ళు బుసకొడుతూ లోపలికి వస్తాయి. పడవ మెల్లమెల్లగా పైకి లేస్తుంది. రెండు వైపులా నీరు సమానం అయ్యేదాకా పదిమంది తోసినా తలుపు కదలదు. అయిందని తెలిశాక తాతయ్య పొడుగాటి దూలానికి వీపు ఆనించి, రాళ్ళకి మడమలు తన్నిపట్టి, వెనక్కి వెనక్కి నడిచేవాడట. పడవ పై కాలవలోకి వెళ్ళిపోయేది.

"అట" అనడం ఎందుకంటే అది నేను చూసింది తక్కువ. నాకు ఊహ తెలిసేసరికే సరుకు పడవలు ఆగిపోయాయి. వంతెనలు వచ్చాయి, లారీలు వచ్చాయి. ఒకప్పుడు మన కాలవల్లో ఎక్కిన పడవ ఏలూరు కాలవ మీదుగా కృష్ణ చేరి, అక్కణ్ణుంచి బకింగ్‌హాం కాలవలో మద్రాసు దాకా పోయేదంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

ఆ పుస్తకం సంగతికి వస్తాను. గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం. రోజూ పొద్దున్నే గేజి చూసి నీటి మట్టం ఆఫీసు రిజిస్టరులో ఎక్కించేవాడు. అదే అంకె తన పుస్తకంలో కూడా సిరాతో రాసుకునేవాడు. దాని పక్కన, అంచులో, పెన్సిల్‌తో ఇంకేదో. "సిరా సర్కారుది, పెన్సిలు నాది" అనేవాడు. ఐదో తరగతితో చదువు ఆగినా అక్షరం ముత్యంలా ఉండేది. ఏం రాశాడో కొన్ని చెప్తాను.

"ఎర్రనీరు వచ్చింది." ఇది ప్రతి ఏడూ ఉంటుంది. పైన ఎక్కడో వానలు పడి గోదావరి రంగు మారి, ఆ నీరు కాలవలోకి దిగిన మొదటి రోజు అన్నమాట. కొన్నేళ్ళు జూన్ ఆఖరు, కొన్నేళ్ళు జులై.

"కాలవ కట్టేశారు. బురదలో కొర్రమీనులు. ఊరంతా కాలవలోనే ఉంది." ఇది కాలవకి నీళ్ళు ఆపేసినప్పటిది.

"నత్తగుల్ల కొంగలు దిగినాయి. అరవై దాకా."

"పెద్దదానికి జ్వరం తగ్గలేదు. రాత్రంతా లాకు చప్పుడు విన్నాను."

"లకుముకి వచ్చింది." మళ్ళీ నాలుగు రోజులకో వారానికో, "లకుముకి వెళ్ళింది." ఇది లెక్కలేనన్ని సార్లు.

నాకు చదువు మీద యావ పుట్టింది మా ఊరి శాఖా గ్రంథాలయంలో. పెంకుటిల్లు, రెండు బల్లలు, నాలుగు బీరువాలు. అందరూ నవలల బీరువా దగ్గరే ఉండేవాళ్ళు. అది ఎప్పుడూ సగం ఖాళీ. పక్కన "చరిత్ర, స్వీయచరిత్ర, యాత్రలు" అని చీటీ అంటించిన బీరువా మాత్రం నిండుగా, తాళం తుప్పు పట్టి ఉండేది. లైబ్రేరియన్ గారు నాకోసం ఓ రోజు కొబ్బరినూనె చుక్క వేసి ఆ తాళం తీశారు. గ్రంథాలయోద్యమాన్ని ముందుండి నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురులోనే పుట్టారని, కృష్ణ వైపు పాతూరి నాగభూషణం గారు 1935లో పడవ మీద పుస్తకాలు పెట్టి కాలవ గట్టు ఊళ్ళకి తీసుకెళ్ళారని ఆయనే చెప్పారు. పడవలో గ్రంథాలయం! అది మా లాకుకి ఎందుకు రాలేదా అని ఎంత బాధపడ్డానో.

ఆ బీరువాలోంచి మొదట తీసుకున్నది ఏనుగుల వీరాస్వామి గారి కాశీయాత్ర. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చిన మనిషి ఏ రోజు ఎక్కడ దిగాడో, అక్కడ నీళ్ళు ఎలా ఉన్నాయో, ఏం దొరుకుతుందో రాసుకుంటూ పోయాడు. తర్వాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి అనుభవాలూ జ్ఞాపకాలూనూ. గోదావరికి అవతల పొలమూరులో 1891లో పుట్టినాయన, తెలుగు రాతలంటే చిన్నచూపు ఉన్న సంస్కృతం ఇంట్లోంచి వచ్చి తెలుగు రచయిత ఎలా అయ్యాడో ఆ తెలుగులోనే చెప్పాడు. మా అమ్మమ్మ మాట్లాడే మాటలు అచ్చులో ఉండొచ్చని నాకు తెలిసింది ఆ పుస్తకంతోనే. పదమూడేళ్ళ పిల్లని, పరుగెత్తుకెళ్ళి తాతయ్యకి కాశీయాత్ర సంగతి చెప్పాను. పూర్తిగా విని, "ఆయన నడిచెళ్ళి చూశాడు. నాకు నీళ్ళే ఎదురొస్తాయి" అన్నాడు. అప్పటికి రిటైరై ఐదేళ్ళు. అయినా పుస్తకం ఆపలేదు.

1986 ఆగస్టు వరదకి నాకు పదహారేళ్ళు. మా ఇల్లు ఏటిగట్టుకి దగ్గర. ధవళేశ్వరం దగ్గర పదకొండు ముప్పావు అడుగులకి మొదటి హెచ్చరిక, పదిహేడు ముప్పావుకి మూడోది అని మాకు ఎక్కాల్లాగా వచ్చు. ఆ రోజు ఆ లెక్కలేవీ పనికి రాలేదు. ఆగస్టు 16న దిగువకి వదిలిన నీరు 35 లక్షల క్యూసెక్కులు దాటింది. తాతయ్య ఒంటికి గోనెసంచి చుట్టుకుని, చేతిలో లాంతరుతో గట్టు మీద తిరుగుతున్నాడు. ఎవరూ రమ్మనలేదు, జీతం లేదు. ఆ పేజీ ఉంది నా దగ్గర. పెన్సిల్ ములుకు తడికి జారినట్టుంది, గీతలు లావుగా పడ్డాయి. "రేడియో 35 లక్షలంది. మన గట్టుకి బెత్తెడు తక్కువ. తాడిచెట్టు మీద పాము, కింది మట్టల్లో కోడి. పాము దాన్ని ఏమీ అనలేదు. పిల్లల్ని అటక మీద పడుకోబెట్టాం." చాలా ఏళ్ళ తర్వాత గోదావరి వరదల మీద పుస్తకాల్లో ఆ 35 లక్షల అంకె చూసినప్పుడల్లా నాకు బెత్తెడు గట్టు కనిపిస్తుంది, ఆ కోడి కనిపిస్తుంది.

తాతయ్య 1991లో పోయాడు. పుస్తకం అమ్మమ్మ భోషాణంలో పెట్టింది.

1996 నవంబరు 6. దీపావళికి నాలుగు రోజులు ముందు. పండక్కి పుట్టింటికొచ్చి ఉన్నాను, చంకలో ఏడాది పిల్లాడు. సాయంత్రం నుంచీ గాలి. చీకటి పడేసరికి ఆ గాలికి ఒక గొంతు వచ్చింది, ఇంకో మాట లేదు దానికి. కొబ్బరి చెట్లు విరగడం కాదు, మెలి తిరిగి తలలు ఊడి పడుతున్నాయి. కాయలు గోడలకి తగులుతుంటే ఎవరో బండలు విసిరినట్టు. పెంకులన్నీ లేచిపోయాక మేమందరం మంచం కిందకి దూరాం. తెల్లారాక వీధిలోకి వస్తే వీధి లేదు. పడిన చెట్ల మీంచి నడిచి పక్కింటికి వెళ్ళాలి. ఆ రాత్రి వెయ్యి మందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళే ఎంతమందో. కోనసీమలో ఇప్పటికీ వయసు చెప్పాలంటే "తుఫానుకి నాకు ఇన్నేళ్ళు" అనే అంటారు.

భోషాణంలో మోకాలెత్తు నీరు నిలిచింది. పట్టుచీరలు, పెళ్ళి ఫొటోలు, ఆ పుస్తకం, అన్నీ అందులోనే. అమ్మమ్మ ఫొటోల జోలికి పోలేదు. ఉబ్బిపోయి ఇటుకలా తయారైన పుస్తకాన్ని చాప మీద పెట్టి, పడిపోయిన కొబ్బరి మట్టలోంచి ఈనె ఒకటి చీల్చుకుని, ఆ ఈనెపుల్లతో ఒక్కో కాగితం విడదీయడం మొదలుపెట్టింది. కాగితం మూల దగ్గర పుల్ల దూర్చి, ఊపిరి బిగబట్టి, వేలెడు వేలెడు లోపలికి జరిపేది. చిరిగితే ఆగిపోయి, ఆ ముక్కని అలాగే ఎండబెట్టేది. తిండి లేదు, కరెంటు వారాల తరబడి రాలేదు, ఆవిడ మధ్యాహ్నాలన్నీ ఇదే పని. నీలం సిరా అంతా నీళ్ళలో కరిగిపోయి కాగితాలు లేత నీలంగా అయ్యాయి. పెన్సిలు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. సర్కారుది పోయింది, తాతయ్యది మిగిలింది. ఆవిడకి చదువు రాదు. "ఏం మిగిలిందే, చదువు" అని అడిగేది. నేను చదివాను: "నత్తగుల్ల కొంగలు దిగినాయి." ఆవిడ తల ఊపింది, "ఆ, దిగేవి" అంటూ.

తర్వాత నా బతుకు హైదరాబాదు పాలైంది. ఉద్యోగం, పిల్లాడి చదువు. మళ్ళీ పుస్తకాల్లో పడింది ఈ పదేళ్ళలోనే.

చరిత్ర పుస్తకాల్లో నాకు మొదట కావలసింది ఆనకట్ట. మా వైపు కాటన్ దొర దేవుడే, స్నానంలో సంకల్పం చెప్పేటప్పుడు ఆయన పేరు తలిచే పురోహితులు ఉన్నారు. 1832-33 కరువు, 1839లో కోరంగిని ముంచిన ఉప్పెన, ఈ దెబ్బల వెనక 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలై 1852కి ఆనకట్ట పూర్తయింది. ఇవి బళ్ళోనూ చెప్పారు. చెప్పనివి వేరే ఉన్నాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా నదిని కట్టారని, రాయి ఆ ధవళేశ్వరం కొండదేనని, కాటన్ పక్కన వీణెం వీరన్న అనే మనవాడు నిలబడి పని నడిపించాడని నేను పెద్దయ్యాకే చదివాను. గోదావరి పాయ వైనతేయ మీద పి.గన్నవరం దగ్గర నలభై తొమ్మిది కమానుల మీదుగా కాలవని నది దాటించారు కదా, దాని కిందుగా ఎన్నిసార్లు వెళ్ళానో. నది మీద నది పోతోందని చిన్నప్పుడు చప్పట్లు కొట్టడమే తప్ప ఆ రాళ్ళు మోసినవాళ్ళ గురించి తలవలేదు. ఇప్పుడు వచ్చే చరిత్ర పుస్తకాల్లో కొన్నయినా ఆ కూలివాళ్ళ కోసం వెతుకుతున్నాయి. అలాంటి పేజీ కనబడితే చాలు, పుస్తకం కొనేస్తాను.

కోరంగి గురించి చదివాకే అక్కడికి వెళ్ళాను. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు అది. అక్కణ్ణుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళని బర్మాలో కోరంగీలనే పిలిచారు. ఊరి పేరే మనుషుల పేరైపోయింది. ఇప్పుడు ఆ రేవు లేదు, మడ అడవి ఉంది. పడవలో కూర్చుని చూస్తే బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి పొడుచుకుని ఉంటాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు ముక్కులు పైకి పెట్టుకుంది. పడవ నడిపే అతను ఓ కొమ్మ చూపించి "ముట్టుకోకండమ్మా, తిల్ల, పాలు కంట్లో పడితే చూపు పోద్ది" అన్నాడు. ఆ తిల్ల చెట్టు ఫొటో, ఆ పాల సంగతి ఇంటికెళ్ళి పుస్తకంలో చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం చెప్పలేను. అతను చెప్పిందీ పుస్తకం చెప్పిందీ ఒకటే, అతని మాటలోనే ముందు విన్నాను. కాకినాడ ముందున్న హోప్ ఐలాండ్ అయితే, గోదావరి తెచ్చిన ఇసక మేటవేసి గడిచిన రెండు వందల ఏళ్ళలో తయారైన నేల. కాటన్ పుట్టిన 1803 నాటికి అది ఇంకా సరిగ్గా లేదన్నమాట! దాన్ని చరిత్ర పుస్తకంలో పెట్టాలా, ప్రకృతి పుస్తకంలో పెట్టాలా? మా డెల్టాలో ఈ రెండు బీరువాలూ వేరు చేయడం కుదరదు. పులస ఉంది చూడండి. సముద్రంలో విలస, ఎర్రనీటికి ఎదురీది గోదావరిలోకి వస్తే పులస. ధవళేశ్వరం దాకా వస్తుంది, అక్కడ గోడ అడ్డం. మాకు మూడు పూటలా అన్నం పెట్టిన గోడే దానికి దారి మూసింది.

స్వీయ అనుభవాల పుస్తకాలంటే నాకున్న ఆశ ఒకటే, ఇంతవరకూ రాయనివాళ్ళు రాయాలి. మా వీధిలోనే కువైట్‌లో ఇరవై ఏళ్ళు ఇళ్ళల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్ళు ముగ్గురున్నారు. 1995లో పాశర్లపూడి గ్యాసు బావి బ్లోఔట్ మంట అరవై అయిదు రోజులు మండితే, రాత్రిళ్ళు ఆ వెలుగులో బియ్యం ఏరుకున్నామని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకి నోట్‌బుక్కులు కొనిచ్చాను. ఒకావిడ నాలుగు పేజీలు రాసింది. అవి చాలా బాగున్నాయి.

పోయిన ఏడాది పిట్టల మీద ఒక పుస్తకం కొన్నాను. తాతయ్య కాగితాలు ముందు పెట్టుకుని, ఏ పిట్ట ఎప్పుడొచ్చిందో వరసగా రాసుకుంటూ పోయాను. నత్తగుల్ల కొంగల దగ్గర అంతా సరిపోయింది. లకుముకి దగ్గర ఆగిపోయాను. లకుముకి పిట్ట మన కాలవ గట్ల మీద ఏడాది పొడుగునా ఉంటుంది. కరెంటు తీగ మీదో, వంగిన కొమ్మ మీదో కూర్చుని చేప కోసం చూస్తూనే ఉంటుంది. అది రావడం ఏమిటి, వెళ్ళడం ఏమిటి? అంత ఓపిగ్గా చూసిన మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉంటుందా? పైగా 1971 తర్వాత లకుముకి ఊసే లేదు. ఆఖరిసారి, "లకుముకి వెళ్ళింది."

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మని అడిగాను. అమ్మకి ఇప్పుడు డెబ్బై తొమ్మిది. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"పిచ్చిదానా, పిట్ట కాదే. పడవ."

నాకు మాట రాలేదు.

"పాంటు అనేవాళ్ళం, సరుకులేసే పడవని. ముందు కొమ్ముకి నీలం రంగు, కింద ఇటుక రంగు పట్టీ. అందుకే ఆ పేరు. కింద నుంచి ధాన్యం, కొబ్బరికాయలు వేసుకుని వచ్చేది, రాజమండ్రి నుంచి కిరసనాయిలు, పెంకులు, బట్టల బేళ్ళు వేసుకుని వెళ్ళేది. గాలుంటే తెరచాప, లేకపోతే కళాసీలు గట్టు మీంచి తాడేసి లాగేవాళ్ళు. సరంగు, అదే పడవ నడిపే పెద్ద, వస్తే నాకు పంచదార చిలక తెచ్చేవాడు."

చిక్కుడు గింజలు చేట్లో పడుతున్నాయి. నేను కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని అలాగే కూర్చున్నాను.

"ఆ సరంగు వాళ్ళన్న రంగూన్‌లో ఉండేవాడు. ఉత్తరాలొస్తే ఈయనకి చదవడం రాదు. మడిచి బొడ్లో దోపుకుని మన లాకు దాకా తెచ్చేవాడు. పడవ గదిలో పైకి లేచేలోపల నాన్న చదివి పెట్టేవాడు. ఒక్కోసారి ఉత్తరం పెద్దదైతే నాన్న తూములు సగమే ఎత్తేవాడు, నీళ్ళు మెల్లగా ఎక్కాలని. తర్వాత అక్కడ మనవాళ్ళని వెళ్ళగొట్టారు కదా, ఉత్తరాలు ఆగిపోయినై. అయినా వచ్చినప్పుడల్లా అడిగేవాడు, ఆఫీసు టపాలో ఏమైనా వచ్చిందా లస్కరు గారూ అని."

"మరి పడవ?"

"ధాన్యానికి లారీ పెట్టారు. ఆ ఏడు మాఘమాసంలో వెళ్ళింది, మళ్ళీ రాలేదు." అమ్మ చేతులు ఆగాయి. "నాన్న చాన్నాళ్ళు రాత్రి పడుకోబోయే ముందు వెళ్ళి కింది తలుపులు తీసి వచ్చేవాడు. ఎందుకు నాన్నా అంటే, చీకట్లో వస్తే పిలవలేరు కదమ్మా, గదిలోకన్నా చేరి ఉంటారు అనేవాడు."

చేట పక్కన పెట్టి, చెయ్యి చీరకి తుడుచుకుని, ఆ కాగితం ఇలా తెమ్మంది.